కుమ్మరి చేతిలో మన్ను: అజరయ్య అధ్యక్షుల సమర్పణ జీవితము

శతవార్షికోత్సవ సంచిక చేతికి వచ్చినప్పుడు మనము ముందుగా చూచునది ఫోటోలు, దేవాలయముల పేరులు, సభ్యుల లెక్కలు. అవి యుండవలసినవే. వాటి వెనుక మన పెద్దల చెమట యున్నది. కాని నూరేండ్ల తరువాత దేవుడు మనలను అడుగు ప్రశ్న వేరు. "మీరు నాకొరకు ఏమి కట్టితిరి?" అని కాదు, "మిమ్మును మార్చుటకు నాకు చోటిచ్చితిరా?" అని. ఈ ప్రశ్నకు జవాబుగా తెలుగు సంఘ చరిత్రలోని ఒక జీవితమును మీ ముందుంచుచున్నాను.

రోమా పత్రిక 12వ అధ్యాయము ఆరంభములో అపొస్తలుడైన పౌలు రెండు సంగతులను జతపరచెను. మన శరీరములను సజీవయాగముగా దేవునికి అప్పగించుట మన వంతు. దాని తరువాత చెప్పబడిన మార్పు ఆయన వంతు. గ్రీకు మూలములో ఆ క్రియ కర్మణి ప్రయోగములో నున్నది; పైగా ఎడతెగక జరుగుచుండు పనిని తెలుపుచున్నది. మనలను మనము మార్చుకొనవలెనని కాదు, దినదినము మార్చబడుచుండవలెనని భావము. కొండమీద ప్రభువు రూపాంతరము పొందిన సందర్భమున మత్తయియు మార్కును వాడినది ఈ క్రియయే. మన్ను తనంతట తాను కుండ కాజాలదు. కుమ్మరి సారె మీద నిలిచియుండుటయే దాని పని.

యాఫ్నాలో కలిగిన సిగ్గు

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విళై గ్రామములో జన్మించిరి. తండ్రి ఆ గ్రామ సంఘ గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శియై దక్షిణదేశమంతట యువకుల మధ్య పేరుపొందిరి.

1902లో ఆయన సిలోనులోని యాఫ్నాకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ద్రవ్యముతో సువార్త పని నడుపుచుండిరి. అది చూచి ఆయనకు సిగ్గు కలిగెను. తరతరములుగా సువార్తను ఎరిగిన తిరునెల్వేలి సంఘము ఇతరుల కొరకు ఏమి చేయుచున్నదని బాధపడి ప్రార్థించిరి. ఆ ప్రార్థనకు ఫలముగా 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడెను. నైజాము రాష్ట్రములోని దోర్నకల్ ప్రాంతము దాని సేవాస్థలమాయెను.

సంఘమును స్థాపించుట గొప్ప పనియే. అయితే అంతటితో సమర్పణ పూర్తి కాలేదు. "మీరు పొండి" అని యువకులను పిలుచువాడు తాను పోకుండ ఎట్లుండగలడు? ఈ మాట ఆయనను వదలలేదు.

దోర్నకల్ గుడారము

1909లో ఆయన గురుపట్టము పొంది దోర్నకల్ చేరిరి. అప్పటికి ఆయనకు ముప్పది అయిదేండ్లు. దేశమంతట తెలిసిన నాయకుడు గుడారములో కాపురముండి, పసివానివలె తెలుగు అక్షరములు దిద్దుకొనెను. మార్చుటకు వచ్చినవానినే దేవుడు ముందు మార్చెను.

మార్చబడుట అనగా నోరు మూసికొని యుండుట అని ఎవరును తలంచరాదు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన లేచి, పాశ్చాత్య మిషనరీలు చేసిన త్యాగమును ఒప్పుకొనుచునే, భారత సంఘమునకు వారినుండి ఇంకను కావలసినది స్నేహమని నిర్భయముగా పలికిరి. ఆ మాట కొందరికి రుచింపలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ అధ్యక్షుడుగా అభిషేకింపబడకముందు తెల్లవారిలోను, మనవారిలోను అభ్యంతరము చెప్పినవారు లేకపోలేదు. ఆయన వాదనకు దిగక, పనిలో దిగిరి.

మార్చబడిన పల్లెలు

ఆ పని ఎక్కువగా మాల, మాదిగ పల్లెలలోనే. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో పోరాడవలెనని ఆయన బోధించిరి. బాప్తిస్మము పొందువారు తమ చేతిని తలపై నుంచుకొని, తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమనియు, సువార్త ప్రకటింపకపోయిన తమకు శ్రమయనియు పలుకునట్లు చేసిరి. నిన్నటివరకు ఊరిలో ఎవరును లెక్కచేయనివాడు నేడు దేవుని సాక్షి! అక్షరము రాని స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడు దేవునికి పిడికెడు తీసి ఉంచుచుండిరి. 1940ల ఆరంభమునకు ఆ అధ్యక్ష ఖండములోని క్రైస్తవులు రెండు లక్షలు దాటిరి. లెక్కకంటె గొప్ప సంగతి మరియొకటి: పల్లెవాసుల జీవితములలోని మార్పును కన్నులార చూచి ఊరిలోని ఇతర కులములవారును సంఘములో చేరసాగిరి. ప్రసంగము వినని చెవులు మార్చబడిన బ్రతుకును వినెను.

పూర్తికాని పని

అయితే చరిత్ర వ్రాయువాడు కొరతను దాచరాదు. మాల మాదిగ భేదము సంఘము గుమ్మము వద్ద ఆగిపోలేదు, లోపలికి వచ్చెను. ఒకే బల్లయొద్ద కూర్చుండవలెనని అజరయ్య గారు పట్టుబట్టిరి. ఆయన కాలములో ఆ పోరాటము ముగియలేదు. సంఘైక్యము కొరకు 1919లో తరంగంబాడి సభ మొదలుకొని ఆయన పాటుపడిరి. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. ఆయన నాటిన చెట్టు పండును ఆయన చూడలేదు. ఫలమును చూచు హక్కును కూడ దేవునికి విడిచిపెట్టుట సమర్పణలో అన్నిటికంటె కష్టమైన భాగము.

ఒక పిడికెడు బియ్యము

నా సంగతి ఒకటి చెప్పవలెను. థియొలాజికల్ కాలేజీ ముగించి వచ్చినప్పుడు పట్టణ సంఘము దొరకునని ఆశించితిని. బస్సు దిగి మూడు మైళ్లు నడువవలసిన పల్లె దొరకెను. ముఖము ముడుచుకొనియే వెళ్లితిని. అక్కడ ఒక ముసలమ్మ పిడికెడు బియ్యపు కుండ తెచ్చి నా ముందు పెట్టి, "అయ్యగారూ, మా అత్త తీసేది, నేను తీస్తన్నా, నా కోడలూ తీస్తది. లేనినాడు కూడా ముందు దేవుడిదే తీస్తాం" అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె లేమిలోనుండి ముందుగా దేవుని వంతు తీసినది. నేనో, జీవితమంతయు ఇచ్చితినని పట్టము నాడు చెప్పి, ఏ ఊరిలో సేవ చేయవలెనో ఎంచుకొను హక్కును మాత్రము నా యొద్దనే దాచుకొంటిని. ఆమె పిడికెడు ముందు నా సమర్పణ చిన్నదాయెను.

ప్రియ సహోదరీ సహోదరులారా, మనమందరము ఏదో యొకటి దాచుకొన్నవారమే. ఒకరికి కుల గర్వము, ఒకరికి కమిటీలో కుర్చీ, ఒకరికి మానలేని పాత పగ. దోర్నకల్‌లో 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ దేవాలయము నేటికిని నిలిచియున్నది. రాయి ఒకసారి చెక్కిన చాలును. మనుష్యుని దేవుడు ప్రతిదినము చెక్కవలెను. రాబోవు నూరేండ్ల చరిత్రను మన బిడ్డలు వ్రాయుదురు. అందులో మనము కట్టిన గోడల సంగతియే కాక, ఒకే బల్లయొద్ద నిజముగా కలిసి కూర్చున్న సంగతి కూడ వ్రాయబడునట్లు, కుమ్మరి చేతిలో కదలక నిలుచు కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.