పొలము నిలిచినది, హక్కు కదిలినది

భూమి ఒకచోటినుండి మరియొకచోటికి కదలదు. కాని దానిపై ఇండ్లు కట్టుకొను హక్కును కదల్చవచ్చునని ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధములో అమెరికా నగరములు కొన్ని నిరూపించినవి. పంటపొలములను కాపాడుటకు ఈ ఉపాయమును పెద్దయెత్తున ప్రయోగించిన ప్రదేశములలో మేరీలాండ్ రాష్ట్రమందలి మాంట్‌గోమరీ కౌంటీ ముఖ్యమైనది. కౌంటీ అనగా మన జిల్లా వంటిది.

భూమిపై యాజమాన్యము ఒకే హక్కు కాదు. పలు హక్కుల మోపు. మన పల్లెలలో చింతచెట్టు కాపును ఒకరికి గుత్తకిచ్చినను, చెట్టు, నేల ఆసామివే కదా! అట్లే దున్నుకొను హక్కును తనవద్ద ఉంచుకొని, ఇండ్లు కట్టు హక్కును మాత్రము రైతు అమ్ముకొనవచ్చును. దీనినే అభివృద్ధి హక్కుల బదలాయింపు అందురు.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత రాజధాని వాషింగ్‌టన్ నగరము నలుదెసల విస్తరించినది. ఉత్తరమున ఆనుకొనియున్న మాంట్‌గోమరీ పొలములు క్రమముగా ఇండ్ల స్థలములైనవి. రహదారుల వెంబడి జనావాసములు పెరుగవలెననియు, వాని నడుమ పచ్చని నేలలు మిగులవలెననియు 1964 నాటి ప్రణాళిక నిర్దేశించినది. 1970 దశాబ్దములో పల్లెపట్టున 5 యెకరములకు ఒక ఇల్లు మించరాదను నిబంధన వచ్చినది. అదియు ఫలించలేదు. 5 యెకరముల ముక్క ఇంటికి మిక్కిలి పెద్దది, యంత్రసేద్యమునకు మిక్కిలి చిన్నది.

నిబంధనను ఇంకను బిగించినచో పొలము మిగులును. కాని నేల ధర పడిపోవును. రైతుకు నేలయే జీవితకాలపు పొదుపు. పచ్చదనమువలన లాభము అందరిది, నష్టము రైతుది ఒక్కనిదేనా?

ఇట్టి చిక్కునకు న్యూయార్కు నగరము ఒక దారి చూపినది. చారిత్రక కట్టడముపై లేపరాని అంతస్తుల హక్కును సమీప స్థలములకు తరలించుటకు అక్కడ 1968 లో వీలు కల్పించిరి. గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషనుపై ఆకాశహర్మ్యమునకు అనుమతి దొరకక, యజమానులు దావా వేసిరి. 1978 లో అమెరికా సుప్రీంకోర్టు నగరపక్షముననే తీర్పు చెప్పినది. తరలించదగిన ఆ హక్కులు యజమానుల భారమును కొంత తగ్గించునని కూడ పేర్కొన్నది.

1980 లో మాంట్‌గోమరీ ఈ సూత్రమునే పొలములకు అన్వయించినది. అప్పటి ప్రణాళికా మండలికి అధ్యక్షుడు రాయిస్ హాన్సన్. కౌంటీలో ఇంచుమించు మూడవవంతు, అనగా 93,000 యెకరములు, వ్యవసాయ రక్షితప్రాంతముగా ఏర్పడినవి. అచ్చట 25 యెకరములకు ఒక ఇంటికే అనుమతి.

ఇక లెక్క చూడుడు. 100 యెకరముల ఆసామికి పూర్వము 20 ఇండ్లకు అనుమతి ఉండెడిది. ఇప్పుడు 4 ఇండ్లకే. కాని 5 యెకరములకు ఒకటి చొప్పున 20 హక్కులు అతనికి దక్కినవి. నాలుగిండ్లకు నాలుగు ఉంచుకొని, తక్కిన 16 హక్కులను అమ్మవచ్చును. రోడ్లు, మంచినీరు, మురుగుకాలువలు గల నిర్ణీత పేటలలో గృహనిర్మాతలు వానిని కొని, హక్కునకు ఒకటి చొప్పున అదనపు ఇండ్లు కట్టుదురు. అమ్మిన హక్కులమేరకు పొలములో ఇండ్లు లేవవను షరతు దస్తావేజులో నమోదగును. తరువాత ఆ నేలను కొన్నవారును దానికి బద్ధులే.

ఇండ్లు దట్టమగు పేటలవారు ఊరకుండలేదు. పౌరసంఘమొకటి వ్యాజ్యము వేయగా, 1987 లో మేరీలాండ్ అప్పీలు కోర్టు ఈ పథకములో లోపము చూపినది. ఏ పేటలో ఎన్ని ఇండ్లు అదనముగా లేవవచ్చునో ప్రణాళికలో వ్రాసిన చాలదు, నిర్మాణ నిబంధనలలోనే ఉండవలెనని తీర్పు. కౌంటీ నిబంధనలను సవరించి పథకమును కొనసాగించినది. ఈ విధముగా 50,000 యెకరములకు పైగా నేల రక్షణ పొందినది. అయితే హక్కులను స్వీకరించు పేటలు చాలినన్ని లేనప్పుడు వాని ధర పడిపోయి రైతులు నష్టపోయిరి.

మన దేశమునకు ఈ పద్ధతి వేరొక పనిమీద వచ్చినది. 1991 నాటి ముంబయి నిబంధనలలోను, తరువాత హైదరాబాదులోను, రోడ్లకు స్థలము విడిచినవారికి రొక్కమునకు బదులు ఇట్టి హక్కులిచ్చు ఏర్పాటు చేరినది. కాపాడవలసినది పొలమైనను, వెడల్పు చేయవలసినది రోడ్డైనను సూత్రమొక్కటే: హక్కును పంపు చోటు ఎంత ముఖ్యమో, దానిని స్వీకరించు చోటును అంతే ముఖ్యము. కొనువాడు లేని హక్కు కాగితముగనే మిగిలిపోవును.