బరువు నార్మలే.. మరి నడుము కొలత? పాతికేళ్లకే రక్తనాళాలను గట్టిపరిచే కొవ్వు ఇదే!

వెయింగ్ మెషీన్‌పై నంబర్ బాగానే ఉంటుంది. 'నువ్వు సన్నమే కదా' అని ఫ్రెండ్స్ కూడా అంటారు. కానీ బెల్టు మాత్రం ఏటా ఒక్కో రంధ్రం వెనక్కి జరుగుతుంటుంది. 20-35 ఏళ్ల వాళ్లలో చాలామంది పట్టించుకోని విషయం ఇదే. బరువు ఎంత అన్నది ఒక్కటే కాదు. అందులో కొవ్వు ఎంత, కండ ఎంత, ఆ కొవ్వు ఎక్కడ చేరింది అన్నది కూడా ధమనుల ఆరోగ్యానికి కీలకం.

ఒకే బీఎంఐ.. రెట్టింపు కొవ్వు

పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటో, లెక్కలు పక్కపక్కనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. అంటే ఇద్దరూ నార్మలే. కానీ శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! భారతీయుల్లో సన్నగా కనిపించినా లోపల కొవ్వు ఎక్కువగా ఉండొచ్చని చెప్పడానికి డాక్టర్లు నేటికీ ఈ ఉదాహరణే చూపిస్తారు. అందుకే మనవాళ్లకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువుగా లెక్కిస్తున్నారు.

పొట్ట కొవ్వు ఏం చేస్తుంది?

చేత్తో పట్టుకుంటే దొరికేది చర్మం కింది కొవ్వు. అసలు ప్రమాదం కాలేయం, పేగుల చుట్టూ చేరే కొవ్వుతో! దీన్ని విసెరల్ ఫ్యాట్ అంటారు. దీని నుంచి వచ్చే ఫ్యాటీ యాసిడ్లు నేరుగా కాలేయానికి చేరతాయి. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. క్రమంగా ధమని లోపలి పొర దెబ్బతింటుంది. రబ్బరు గొట్టంలా సాగాల్సిన ధమని గట్టిపడుతుంది. దాంతో బీపీ పెరిగి, గుండెపై భారం పడుతుంది.

కండ పని దీనికి రివర్స్. భోజనం తర్వాత రక్తంలోని గ్లూకోజ్‌ను ఎక్కువగా పీల్చుకునేది కండరాలే. కండ తగ్గి పొట్ట పెరిగితే రెండు వైపులా నష్టమే.

ఇది పెద్దవాళ్ల జబ్బు కాదా?

కాదు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరీక్షించిన ఫలితాలు 1953లో వెలువడ్డాయి. వాళ్ల సగటు వయసు 22 ఏళ్లే. అయినా 77 శాతం మంది గుండె రక్తనాళాల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. అంటే లక్షణాలు బయటపడడానికి ఎన్నో ఏళ్ల ముందే మార్పులు మొదలవుతాయన్నమాట.

మన దగ్గర కూడా ఇలాంటి పరిశోధన జరిగింది. హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో కొన్నింటిలో గర్భిణులకు, చిన్నపిల్లలకు పోషకాహారం ఇచ్చారు. ఆ పిల్లలు టీనేజ్‌కు వచ్చాక పరీక్షిస్తే, మిగతా గ్రామాల వారికంటే ధమనుల బిగుతు తక్కువగా ఉన్నట్టు 2008లో తేలింది. అంటే తల్లి కడుపులో ఉన్నప్పటి తిండి ప్రభావం కూడా రక్తనాళాలపై ఉంటుంది.

ఇంట్లోనే చెక్ చేసుకోండి

టేపు ఉంటే చాలు. మామూలుగా ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైభాగానికి మధ్యలో కొలవండి. పొట్ట లోపలికి లాగొద్దు.

* మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80 సెం.మీ. దాటకూడదు.
* నడుము కొలత ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి. ఎత్తు 170 సెం.మీ. అయితే 85 లోపే ఉండాలి.
* జిమ్‌లోని బాడీ ఫ్యాట్ మెషీన్ రీడింగ్ ఒంట్లో నీటిని బట్టి మారుతుంది. ఒక్కసారి చూసి కంగారు పడొద్దు.

ఏం చేయాలి?

* వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక లాంటి వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పనిచెప్పే కసరత్తులు చేయాలి.
* కడుపు మాడ్చుకునే క్రాష్ డైట్ వద్దు. దాంతో కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది.
* ప్లేటులో అన్నం కాస్త తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు, కూరలు పెంచండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దు.
* సిగరెట్ మానేయాలి. సన్నగా ఉన్నవాళ్ల ధమనులనూ అది వదలదు.

నడుము కొలత హద్దు దాటినా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకుని డాక్టర్‌ను కలవండి. 25 ఏళ్లకే ఎందుకులే అనుకోవద్దు. కొవ్వు తగ్గించుకోవడం, కండ పెంచుకోవడం తేలికయ్యేది ఈ వయసులోనే.