కణితి పోగొట్టుకోని రిసెప్టర్

సొమాటోస్టాటిన్ కోసం ఎవరూ వెతకలేదు. వెతికింది దానికి సరిగ్గా ఎదురు పని చేసే పదార్థం కోసం. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో రోజర్ గిల్లెమిన్ బృందం గొర్రెల మెదడులోని హైపోథాలమస్ ముక్కల్ని నూరి, వడగట్టి, అందులో గ్రోత్ హార్మోనును విడుదల చేయించేది ఏదో ఒకటి ఉండి తీరుతుందని గాలిస్తోంది. గాజు పళ్ళెంలో పిట్యూటరీ కణాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ బృందంలోని పాల్ బ్రజో వాటి మీద ఆ సారం వేశాడు. గ్రోత్ హార్మోను పెరగాల్సింది పోయి తగ్గింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ తగ్గింది. అలా తగ్గిస్తున్నదేమిటో తేల్చుకుందామని ఆ సారాన్నే శుద్ధి చేసుకుంటూ పోతే, 14 అమైనో ఆమ్లాలు వరసగా కూర్చిన చిన్న పెప్టైడ్ బయటపడింది. 1973 జనవరిలో సైన్స్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. దాన్ని రాసిన ఏడుగురిలో జాన్ రివియే ఒకడు. అతని పేరు చివర్లో మళ్ళీ వస్తుంది.

ఆ రోజుల్లో ఒక పెప్టైడును పట్టుకోవడం ఎంత శ్రమో ఇవాళ ఊహకు కూడా అందదు. అంతకుముందు థైరాయిడ్‌ను నడిపించే టీఆర్‌హెచ్ అనే హార్మోను విషయంలో గిల్లెమిన్‌కు ఒక్క మిల్లీగ్రాము దక్కడానికి దాదాపు 3 లక్షల గొర్రెల హైపోథాలమస్‌లు కావలసివచ్చాయి. న్యూ ఆర్లీన్స్‌లో ఆండ్రూ షాలీ ఇదే పని పంది మెదళ్ళతో చేస్తున్నాడు. ఒకప్పుడు కలిసి పనిచేసిన ఆ ఇద్దరూ ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒకరినొకరు దాటాలని పరుగు తీశారు. 1977లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు, వారి సరసన రోజలిన్ యాలోకు కూడా. రక్తంలో ఉండే అతి స్వల్ప హార్మోనును రేడియో ధార్మిక పద్ధతితో కొలవవచ్చని సాల్మన్ బెర్సన్‌తో కలిసి చూపింది ఆవిడే. నా దృష్టిలో ఈ ముగ్గురిలో రోగికి ఎక్కువ మేలు చేసింది ఆమె. కొలత లేకపోతే మిగతా ఇద్దరి శ్రమ ఆసుపత్రి గడప దాకా వచ్చేది కాదు.

ఇంకా వెనక్కి వెళితే 1902 జనవరి, లండన్. విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ మత్తిచ్చిన కుక్క చిన్నపేగులో ఒక భాగానికి వచ్చే నరాలన్నీ కోసేసి, ఆ భాగంలో ఆమ్లం పోశారు. నరాలు లేకపోయినా క్లోమం రసం ఊరింది. అంటే కబురు రక్తం గుండా వెళ్ళిందన్న మాట. స్టార్లింగ్ పేగు లోపొరను గీకి, ఇసుకతోనూ ఆమ్లంతోనూ నూరి, వడగట్టి, సిరలోకి ఎక్కించాడు. క్లోమం మళ్ళీ స్పందించింది. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ అన్న మాట వాడుకలోకి వచ్చింది 1905లో, స్టార్లింగ్ ఉపన్యాసాలతో. సెక్రెటిన్ కూడా పెప్టైడే.

హార్మోను రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంది. అయినా అన్ని కణాలూ దాని మాట వినవు. రిసెప్టర్ ఉన్న కణమే వింటుంది. పెప్టైడ్ హార్మోన్లకైతే, కణం పైపొరలో ఇరుక్కుని, సగం బయటకూ సగం లోపలకూ ఉండే ప్రోటీన్ అది. సొమాటోస్టాటిన్‌కు అలాంటివి ఐదు రకాలున్నాయని 1992, 93ల్లో జన్యువులు విడదీసి తేల్చారు. ఆ ఐదింటి ద్వారా అది చెప్పేది ఒకటే: చాలు, ఆపు. గ్రోత్ హార్మోను, ఇన్సులిన్, గ్లూకగాన్, గ్యాస్ట్రిన్, పేగు రసాలు, అన్నిటికీ అదే ఆజ్ఞ.

ఇక కణితుల సంగతి. 1907లో జర్మన్ వైద్యుడు సీగ్‌ఫ్రీడ్ ఓబర్న్‌డార్ఫర్ చిన్నపేగులో నెమ్మదిగా పెరిగే ఒక రకం గడ్డలను వేరు చేసి వాటికి కార్సినాయిడ్ అని పేరు పెట్టాడు. పేగులో, క్లోమంలో, ఊపిరితిత్తుల్లో హార్మోన్లు తయారుచేసే కణాలు చెల్లాచెదురుగా ఉంటాయి. ఈ గడ్డలు వాటి నుంచి పుట్టినవే. కణం దారి తప్పింది గానీ పుట్టుకతో వచ్చిన అలవాటు మానలేదు. హార్మోన్లు చేస్తూనే ఉంటుంది, పైపొర మీద రిసెప్టర్లు మొలిపిస్తూనే ఉంటుంది. గిల్లెమిన్ మొదట వెతికిన ఆ గ్రోత్ హార్మోను విడుదల పెప్టైడ్ చివరికి ఎక్కడ దొరికిందో చూడండి. 1982లో, అక్రోమెగలీతో చేతులూ దవడా పెరిగిపోయిన రోగుల క్లోమంలోని కణితుల్లో. గిల్లెమిన్ బృందానికి ఒక రోగి కణితిలో దొరికింది, ఆయన దగ్గర పనిచేసి విడిపోయిన వైలీ వేల్ బృందానికి మరొక రోగి కణితిలో. లక్షల గొర్రెలు ఇవ్వనిది ఒక గడ్డ ఇచ్చింది.

సొమాటోస్టాటిన్‌ను మందుగా వాడదామంటే అది రక్తంలో రెండు మూడు నిమిషాలకు మించి నిలవదు. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీ రసాయనవేత్తలు దాన్ని 8 అమైనో ఆమ్లాలకు కుదించి ఆక్ట్రియోటైడ్ చేశారు. అది గంటన్నర నిలుస్తుంది. ఆ దేశంలోనే పరిశోధకుడు జాన్ క్లాడ్ రూబీ ఒక ఓపిక గల పని పెట్టుకున్నాడు. ఆపరేషన్‌లో తీసిన కణితిని గడ్డకట్టించి, కంటికి ఆనీ ఆననంత పలుచని పొరలుగా కోసి, రేడియో అయొడిన్ తగిలించిన పెప్టైడులో నానబెట్టి, అంటనిదంతా కడిగేసి, ఆ పొరను ఫోటో ఫిల్ముకు ఆనించి చీకట్లో రోజుల తరబడి ఉంచేవాడు. ఫిల్ము కడిగితే రిసెప్టర్లు ఉన్నచోట నల్లగా పడేది. కొన్ని కణితుల్లో ఆ నలుపు చుట్టూ ఉన్న మామూలు కణజాలంలో కంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉండేది.

గాజు పలక మీద కనిపించేది మనిషి ఒంట్లోనూ కనిపిస్తుందా? 1989లో రాటర్‌డామ్‌లో ఎరిక్ క్రెనింగ్, స్టీవెన్ లాంబర్ట్స్ బృందం అయొడిన్-123 అంటించిన పెప్టైడును రోగి సిరలోకి ఎక్కించి గామా కెమెరా కింద పడుకోబెట్టింది. కణితి ఉన్నచోట వెలుగు చుక్కలు కనిపించాయి. తర్వాత అయొడిన్ స్థానంలోకి ఇండియం వచ్చింది. అయితే రెండూ ఖరీదైనవే, ఎప్పుడంటే అప్పుడు దొరికేవీ కావు. పెద్ద ఆసుపత్రుల్లో రోజూ అందుబాటులో ఉండేది టెక్నీషియం. దాన్ని ఈ పెప్టైడులకు కట్టవచ్చని పరీక్షించి 1996లో ప్రచురించిన పత్రంలో మొదటి పేరు ఒక తెలుగు ఇంటిపేరు: న్యూయార్క్‌లో పనిచేసిన రేడియో రసాయనవేత్త శంకర్ వల్లభజోస్యుల. ఆ పెప్టైడుల కుటుంబంలోని డెప్రియోటైడ్‌కు అమెరికాలో 1999లో అనుమతి వచ్చింది, ఊపిరితిత్తుల గడ్డల పరీక్షకు.

చూడటానికి పనికొచ్చిన దారి చంపడానికీ పనికొచ్చింది. అదే పెప్టైడుకు లూటీషియం-177 కడితే, రిసెప్టర్ దాన్ని కణం లోపలికి లాక్కుంటుంది. దాని బీటా కిరణాలు రెండు మిల్లీమీటర్లకు మించి పోవు గనక దెబ్బ ఎక్కువగా గడ్డకే తగులుతుంది. అర్ధాయువు సుమారు 6.7 రోజులు. చిన్నపేగు వైపు కణితులున్న 229 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి: 20 నెలల నాటికి జబ్బు ముదరకుండా ఉన్నవారు లూటీషియం వర్గంలో 65 శాతం, ఆక్ట్రియోటైడ్ డోసు పెంచి ఇచ్చిన వర్గంలో 11 శాతం. 2018 జనవరిలో అమెరికా అనుమతి ఇచ్చింది. మన దేశంలో ఈ లూటీషియం ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారవుతుంది. దిగుమతి సరుకుతో చూస్తే దీని ఖర్చు బాగా తక్కువ.

మార్చి 2018లో నటుడు ఇర్ఫాన్ ఖాన్ తన జబ్బు పేరు బయటపెట్టాకే, ఈ కణితులకు వాడే న్యూరోఎండోక్రైన్ అన్న మాట మన పత్రికల్లోకి ఎక్కింది. అంతకుముందూ ఈ జబ్బు మన మధ్య ఉంది, పేరు లేకుండా. ఒడిశాలోని బరంపురంలో అంకులి వైపు ఉండే ఒక ఇల్లాలి సంగతి ఊహించండి. మొహం ఉన్నట్టుండి ఎర్రబడుతుంది, ఆవిర్లు వస్తాయి, రోజుకు నాలుగైదు విరేచనాలు. ముట్లాగే వయసు కదా అంటారు, గ్యాస్ అంటారు, నీళ్ళు పడలేదంటారు. ఈ కణితులు నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి ఏళ్ళు గడిచిపోతాయి. ముఖం ఎర్రబడే దశకు చాలామందిలో జబ్బు అప్పటికే కాలేయానికి పాకి ఉంటుంది. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ గంజాం జిల్లా వాళ్ళకు 1962లో బరంపురంలోనే వైద్య కళాశాల వచ్చింది, పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు మీద. పెద్ద జబ్బంటే మాత్రం ఇప్పటికీ కటక్‌కో విశాఖకో హైదరాబాదుకో రైలెక్కుతారు. ఎక్కేముందు బయాప్సీ మైనపు దిమ్మె అడిగి తీసుకెళ్ళాలని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఇది ఆ రకం కణితేనా అని తేల్చే క్రోమోగ్రానిన్, సినాప్టోఫైసిన్ రంగు పరీక్షలు దాని మీదే చేస్తారు. గాలియం-68 పెట్ స్కాన్‌లో రిసెప్టర్ కనిపిస్తేనే లూటీషియం ఇస్తారు. కణితి మరీ ముదిరి తన పూర్వపు పోలికలు పోగొట్టుకుంటే రిసెప్టర్ కూడా పోతుంది, అప్పుడు ఆ మందు పనిచేయదు.

ఈ వైద్యమంతా ఒక నమ్మకం మీద నడిచింది: రిసెప్టర్‌ను ఉత్తేజపరిచి, దాంతో కణం లోపలికి వెళ్ళే పెప్టైడే కణితికి బాగా పడుతుందని. 2006లో రూబీ, హెల్ముట్ మేకే బృందం రిసెప్టర్‌కు అతుక్కుని ఏ ఆజ్ఞా ఇవ్వని, లోపలికీ వెళ్ళని పెప్టైడులను పరీక్షించింది. అవి లోపలికి వెళ్ళేవాటి కంటే ఎక్కువ చోట్ల అతుక్కున్నాయి. ఎలుకలకు పెట్టిన కణితుల్లో ఎక్కువగా చేరాయి, ఎక్కువసేపు నిలిచాయి. ఆ పత్రం రాసిన వారిలో, 1973 నాటి గొర్రెల మెదళ్ళ పత్రం మీద పేరున్న జాన్ రివియే కూడా ఉన్నాడు.