సిరాకూ లోహానికీ కుదిరిన సంధి

సిరాకూ లోహానికీ మొదటినుంచీ పడదు. ఇవాళ కొన్ని వందల రూపాయలు పెడితే ఇత్తడితోనో స్టీలుతోనో చేసిన ఫౌంటెన్ పెన్ను చేతికొస్తోంది. జేబులో బరువుగా నిలుస్తుంది, కింద పడినా ఒళ్లు పగలదు, ఏళ్లు గడిచినా రూపు చెడదు. ఇంత మామూలుగా దొరికే ఈ వస్తువు తయారుకావడానికి నూరేళ్లకు పైగా పట్టింది. పెన్నుల చరిత్ర చెప్పేవాళ్లు పెద్ద కంపెనీల పోటీ గురించో, బంగారు పాళీల గొప్ప గురించో చెబుతారు. సామాన్యుడి లోహపు పెన్ను కథ మాత్రం, నా దృష్టిలో, సిరా తినెయ్యని లోహం కోసం, లోహాన్ని తినని సిరా కోసం సాగిన వెతుకులాట.

పాతకాలపు సిరా ఎలాంటిదో తెలిస్తే ఈ గొడవ అర్థమవుతుంది. మన వైపు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచేవారు. యూరప్‌లో కరక్కాయకు బదులు ఓక్ చెట్లకు పురుగుల వల్ల వచ్చే బుడిపెలు వాడేవారు. రెండింటిలోనూ ఉన్న సరుకు ఒకటే, టానిన్ అనే వగరు పదార్థం. అన్నభేది ఇనుప లవణం, శాస్త్రం భాషలో ఫెర్రస్ సల్ఫేట్. ఈ రెండూ కలిసి, గాలి తగిలి, కాగితం పోగుల్లోకి ఇంకి నల్లబడతాయి. తడిసినా చెరగవు, వందల ఏళ్లు నిలుస్తాయి. అందుకే దస్తావేజులకూ చర్చి రిజిస్టర్లకూ ఆ సిరానే నమ్ముకున్నారు. కాకపోతే అందులో ఆమ్లగుణం ఉంది. మామూలు ఉక్కును అందులో ఉంచితే గుంటలు పడేలా తినేస్తుంది.

పక్షి ఈకతోనో రెల్లు కలంతోనో రాసినంతకాలం దీంతో ఎవరికీ ఇబ్బంది లేదు. మన తాటాకు గ్రంథాల లేఖకులకు అసలే లేదు. వాళ్ల చేతిలో ఉన్నది ఇనప గంటమే అయినా, గంటం ఆకును గీస్తుంది, మసి ఆ తర్వాత గీతల్లోకి రుద్దుతారు. రాసే ఇనుమూ రంగూ ఒకదానికొకటి తగలనే తగలవు.

తగిలింది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో. 1820లలో అక్కడ జాన్ మిచెల్, ఆయన తర్వాత జోసెఫ్ జిలట్, జొసయా మేసన్ వంటి వాళ్లు ఉక్కు రేకుల్ని యంత్రాలతో కత్తిరించి, వంచి, చీలిక పెట్టి పాళీలు గుట్టలుగా తయారుచేశారు. ఈక చెక్కుకునే పని పోయింది. ప్రెస్సుల దగ్గర పని చేసినవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు, చిన్న వయసు పిల్లలు. చవకగా రాయడం అనే సదుపాయం ప్రపంచానికి ఆ వేళ్ల కష్టం వల్ల వచ్చింది. ఈ మాట పెన్నుల చరిత్రల్లో ఒక వాక్యంతో సరిపెట్టేస్తారు, అది న్యాయం కాదు.

ఆ ఉక్కు పాళీ సిరాలో ముంచి రాసేది. కొన్నాళ్లకు సిరా దాన్ని తినేసేది, తీసి పారేసి ఇంకొకటి కర్రకు తొడుక్కునేవారు. చవక కాబట్టి బాధ లేదు. కానీ సిరాను కడుపులో దాచుకునే పెన్ను కావాలంటే లెక్క మారిపోతుంది. అందులో పాళీ రాత్రింబవళ్లు తడిగానే ఉంటుంది. మామూలు ఉక్కు అక్కడ బతకదు. సిరా ముట్టని లోహం అప్పటికి అందరికీ తెలిసింది ఒక్కటే, బంగారం. అది మెత్తన, కాగితం రాపిడికి మొన అరిగిపోతుంది. 1834 ప్రాంతంలో లండన్‌లో జాన్ ఐజక్ హాకిన్స్ బంగారు పాళీ మొనకు ఇరిడియం జాతి గట్టి లోహపు పలుకు అతికించి ఆ చిక్కు విప్పాడు. పాళీ దొరికింది గానీ, ఆ పాళీతోనే పెన్ను ధనవంతుల వస్తువైంది. ఆ తర్వాత నూరేళ్లు అలాగే ఉండిపోయింది.

ఈలోగా సిరా సక్రమంగా కారడం అనే ఇంకో సమస్య తీరాల్సి వచ్చింది. పారిస్‌లో చదువుకుంటున్న పెట్రాకే పోయెనారు అనే రుమేనియా యువకుడు 1827లోనే సిరా నింపుకునే కలానికి ఫ్రెంచి పేటెంటు తీసుకున్నాడు. అలాంటి ప్రయత్నాలు చాలా జరిగాయి. అవి రాస్తే రాసేవి, లేకపోతే చుక్కలుగా కారేవి. కారణం గాలి. నీళ్ల సీసాను బోర్లిస్తే గాలి లోపలికి పోతేగాని నీళ్లు బయటికి రావు, వస్తే గుబుక్కున వస్తాయి. పెన్నులో జరిగేదీ అంతే. న్యూయార్క్‌లో ఇన్సూరెన్స్ పని చేసిన లూయిస్ వాటర్‌మన్ 1884లో దీనికి దారి చూపించాడు. పాళీ కింద ఉండే నాలుకలో సన్నని గాడులు తొలిచాడు. ఆ ఇరుకు గాడుల్లో సిరా తనంతట తాను పాకుతుంది, అదే దారిలో గాలి కొద్దికొద్దిగా పైకి వెళ్తుంది. ఒప్పందం పత్రం మీద సిరా ఒలికి బేరం చెడిపోవడంతో ఆయన కసిగా ఈ పెన్ను కనిపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి గట్టి ఆధారం లేదు. ఆ గాడులు మాత్రం నిజం. ఇవాళ్టి ప్రతి ఫౌంటెన్ పెన్నులోనూ అవే పని చేస్తున్నాయి.

వాటర్‌మన్ కాలం పెన్నుల ఒళ్లు లోహం కాదు, ఎబొనైట్. రబ్బరులో గంధకం ఎక్కువ పాళ్లలో కలిపి చాలాసేపు వేడిచేస్తే వచ్చే గట్టి నల్లని పదార్థం అది. సిరా దాన్ని ఏమీ చెయ్యదు. ఇంకో మేలు కూడా ఉంది. ఫిల్లరుతో సిరా నేరుగా పెన్ను గొట్టంలోకే పోసేవారు కదా, గొట్టం లోహమైతే చేతి వేడి త్వరగా లోపలికి పాకుతుంది, లోపలి గాలి వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది, కాగితం మీద బొట్టు పడుతుంది. ఎబొనైట్ వేడిని అంత సులువుగా పోనివ్వదు. 1930లలో రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు స్వదేశీ పెన్ను చేసి గాంధీజీకి అందజేసి, 1935లో ఆయన చేత మెప్పు ఉత్తరం రాయించుకున్న చరిత్ర తెలుగువాళ్లకు తెలిసిందే. రాజమండ్రి పెన్నుల పేరు నిలబెట్టింది కూడా ఆ ఎబొనైటే. సిరాకూ లోహానికీ ఉన్న వైరాన్ని అక్కడి పనివాళ్లు లోహాన్ని పక్కనపెట్టి దాటారు. అది సరైన దారే, ఇప్పటికీ చక్కగా రాస్తున్న దారి.

లోహం మొదట పెన్నుకు పై తొడుగుగానే వచ్చింది. ఎబొనైట్ గొట్టం మీద వెండి, బంగారు జాలీ పనులు చేసి అమ్మేవారు. అమెరికాలో అయోవా రాష్ట్రపు నగల వ్యాపారి వాల్టర్ షేఫర్ 1908లో పేటెంటు పొందిన మీట పద్ధతి పరిస్థితిని మార్చింది. పెన్ను పక్కనున్న చిన్న మీట ఎత్తితే లోపలి రబ్బరు సంచి నొక్కుకుంటుంది, వదిలితే సిరా పీల్చుకుంటుంది. సంచి వచ్చాక సిరా గొట్టాన్ని తాకడం మానేసింది. గొట్టం ఇక దేనితో చేసినా ఫరవాలేదు. 1920లలో వాల్ కంపెనీ ఆ వీలుతోనే పూర్తి లోహపు పెన్నులు చేసింది. అవి వెండివి, బంగారు పూతవి, పాళీలు బంగారంవి. చూడముచ్చటైనవే, సామాన్యుడి కోసం చేసినవి కావు.

సామాన్యుడికి కావలసిన లోహం తుపాకీ గొట్టాల పనిలో దొరికింది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ, 12.8 శాతం క్రోమియం కలిపిన ఉక్కు తుప్పు పట్టడం లేదని గమనించాడు. దాదాపు అదే కాలంలో జర్మనీలో క్రుప్ కంపెనీ శాస్త్రవేత్తలు క్రోమియంతోబాటు నికెల్ కూడా కలిపిన రకం తయారుచేశారు. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద కంటికి కనబడని పొరగా పరుచుకుంటుంది. గీత పడితే ఆ పొర మళ్లీ తనంతట తానే ఏర్పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మొదట భోజనపు కత్తులకు వెళ్లింది, పాళీల దాకా రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

రప్పించింది రెండో ప్రపంచ యుద్ధపు సన్నాహం. 1930ల చివర జర్మనీ ప్రభుత్వం పాళీలకు బంగారం వాడకూడదని ఆంక్ష పెట్టింది. పెలికాన్ వంటి కంపెనీలు క్రోమియం-నికెల్ స్టీలు పాళీలకు మారాయి. జపాన్ పెన్నుల పరిశ్రమదీ అదే దారి. యుద్ధం ముగిశాక బంగారం తిరిగొచ్చింది, కానీ స్టీలు పాళీ పనికొస్తుందన్న సంగతి రుజువైపోయింది. ఈ లోపల సిరా కూడా మెత్తబడింది. రంగులు నీళ్లలో కరిగించి చేసే ఇంకులు రోజువారీ రాతలోకి వచ్చి కరక్కాయ-అన్నభేది తరహా సిరాను వెనక్కి నెట్టాయి. సంధి రెండువైపుల నుంచీ కుదిరింది.

అక్కడి నుంచి కథ వేగం పుంజుకుంటుంది. పార్కర్ కంపెనీ 1941లో మార్కెట్లోకి తెచ్చిన ‘51’ అనే పెన్నుకు స్టీలు మూత పెట్టింది, 1949లో ఒళ్లంతా స్టీలే అయిన ఫ్లైటర్ రకం తెచ్చింది. 1960లో వచ్చిన పార్కర్ 45లో ముందే ఇంకు నింపిన కార్ట్రిడ్జి గానీ, కన్వర్టరు గానీ, ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. కన్వర్టరు అంటే బుడ్డిలో ముంచి ఇంకు పీల్చుకునే చిన్న ప్లాస్టిక్ గొట్టం. రబ్బరు సంచిలా కుళ్లదు, పాడైతే తీసి మార్చుకోవచ్చు. నాలుకను చేత్తో తొలచనక్కర లేకుండా ప్లాస్టిక్‌తో అచ్చుపోయడం కూడా వచ్చింది. స్టీలు పాళీ, అచ్చుపోసిన నాలుక, కన్వర్టరు. చవక లోహపు పెన్నుకు కావలసిన సరంజామా ఇంతే.

సరంజామా సిద్ధమయ్యే వేళకే బాల్‌పెన్ను బజారును ఊడ్చేసింది. అందువల్ల ఈ పెన్ను ఎదగవలసినంత ఎదగలేదు. ఉన్నచోట మాత్రం బలంగానే ఉంది. షాంఘైలో తయారైన హీరో పెన్నులు పార్కర్ 51 పోలికలో, మెరిసే లోహపు మూతతో మన ఊళ్లకొచ్చాయి. బంగారు రంగు మూతున్న హీరో పెన్ను చొక్కా జేబులో కనిపిస్తే ఆ మనిషి చదువుకున్నవాడని లెక్క. తర్వాత లక్సర్ కంపెనీ మనదేశంలోనే పార్కర్ వెక్టర్, ఫ్రాంటియర్ స్టీలు పెన్నులు తయారుచేసి అమ్మింది. పరీక్ష పాసైన పిల్లలకు బహుమతిగా అవి ఎన్ని ఇళ్లకు చేరాయో!

జపాన్ కంపెనీ పైలట్ 1971లో తెచ్చిన మ్యూ 701లో పాళీ విడిగా ఉండదు, వేళ్లతో పట్టుకునే స్టీలు భాగమే చివర పాళీగా సాగుతుంది. లోహపు పెన్నుల్లో అంతకన్నా సొగసైనది నేను చూడలేదు. అదే కంపెనీ 2012 ప్రాంతంలో విడుదల చేసిన మెట్రోపాలిటన్ అందుబాటు ధర పెన్నుల్లో ఒక మైలురాయి. అమెరికాలో దాని మొదటి ధర సుమారు 15 డాలర్లు. గొట్టం ఇత్తడి, పైన రంగు పూత. విప్పి చూస్తే ఈ కథంతా అందులో కనిపిస్తుంది. వేళ్లతో పట్టుకునే భాగం ప్లాస్టిక్, నాలుక ప్లాస్టిక్, మూత లోపలి పొర ప్లాస్టిక్, పాళీ స్టెయిన్‌లెస్ స్టీలు. ఇత్తడిని సిరా ఎక్కడా తాకదు. బరువు, నిలకడ ఇత్తడివి, సిరా బాధ్యత మిగతావాటిది.

ఇలాంటి పెన్నుతో తెలుగు రాయడం గురించి ఒక మాట. మన లిపి గుండ్రన, ఒత్తులూ గుడులూ చిన్న జాగాలో ఇమడాలి. పాళీ లావైతే, కాగితం పలచనిదైతే, ‘థ’లో చుక్కా ‘క్ష’లో మెలికా సిరాతో పూడుకుపోతాయి. అందుకని ఫైన్ పాళీ తీసుకోవడం మేలు, జపాన్ ఫైన్ అయితే పాశ్చాత్య కంపెనీల ఫైన్ కన్నా సన్నంగా పడుతుంది. పెన్ను బరువే పాళీని కాగితానికి ఆనిస్తుంది గనక నొక్కి రాయనక్కర లేదు. బాల్‌పెన్ను అలవాటుతో మొదట అందరూ నొక్కుతారు, కొన్ని పేజీలకు చెయ్యి తనే సడలుతుంది. చిన్న చేతులకు మాత్రం ఇత్తడి పెన్ను బరువనిపించవచ్చు, మూత వెనక తగిలించకుండా రాస్తే సరిపోతుంది.

కొనేటప్పుడు కన్వర్టరు ఇస్తున్నారో లేదో అడగండి, పాళీ రెండు చీలికలూ సమంగా ఉన్నాయో వెలుతురులో చూడండి. మామూలు ఫౌంటెన్ పెన్ను ఇంకే వాడండి, బొమ్మలకు వాడే ఇండియన్ ఇంకు అసలు పోయకండి, అది గాడుల్లో గట్టిపడిపోతుంది. రంగు మార్చినప్పుడూ, చాలాకాలం పక్కన పెట్టేముందూ చన్నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఇంట్లో అయిదారు తరగతులు దాటిన పిల్లలుంటే ఈసారి వాళ్ల పుట్టినరోజుకు ఒక స్టీలు పెన్నూ ఒక ఇంకు బుడ్డీ కొనివ్వండి.