నీటిలోని నొప్పి
పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల ఫ్లోరోసిస్ చరిత్ర

గుంటూరు, ప్రకాశం మైదానాలు అనగానే పత్తి చేలు, ఎర్రని మిరప కళ్లాలు కళ్లముందు నిలుస్తాయి. మిరప కోతల కాలం రాగానే పడమటి మెట్ట గ్రామాల నుండి కూలీలు పిల్లాపాపలతో నల్లరేగడి నేలలకు తరలివస్తారు. కాయలు కోస్తారు, కళ్లాలలో కూర్చుని తాలుకాయలు ఏరుతారు, కోతలు ముగిశాక ఇంటిదారి పడతారు. వారిలో పొదిలి, దర్శి, కనిగిరి పరిసరాల వారికి ఇంటివద్ద ఎదురయ్యే బావినీటిలోనే నడుమును, మోకాళ్లను, మెడను పట్టివేసే ఒక నొప్పికి మూలం ఉన్నది. ఆ నొప్పిని పూర్తిగా పోగొట్టగల ఔషధం నేటికీ లేదు.

ఈ వ్యాధి చరిత్రకు ఒక నిశ్చితమైన సంవత్సరం గలదు. అది 1937. అప్పటికి ఈ తాలూకాలు మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాకు చెందినవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు ఈ ప్రాంతపు రోగులను పరీక్షించి, వారి వెన్ను బిగిసిపోవడానికి కారణం త్రాగే నీటిలోని ఫ్లోరైడ్ అని 1937లో వైద్యపత్రికల ద్వారా వెల్లడించారు. భారతదేశంలో మనుషుల ఎముకలకు సోకే ఫ్లోరోసిస్‌ను గురించి వెలువడిన తొలి నివేదికలు ఇవే. 1940లో పండిట్, రాఘవాచారి తదితరులు మరొక సంగతి గమనించారు. ఒకే విధమైన నీరు త్రాగినా, ఆహారం చాలని పేదలలో వ్యాధి మరింత తీవ్రంగా ఉంటుంది.

హైదరాబాదు సంస్థానపు ప్రాంతాలలోనూ ఇదే కథ. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ రోగులపై డాక్టర్ ఎ. హెచ్. సిద్దీఖీ తమ పరిశీలనలను 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. పెరిగిన ఎముక వెన్నుపామును, నరాలను నొక్కి కాళ్లుచేతుల బలాన్ని హరించే తీరును ఆయన తరువాతి వ్యాసాలలోనూ వివరించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతపు పిల్లలలో, యువకులలో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంగిపోవడాన్ని లోకం దృష్టికి తెచ్చారు.

ఇంతకూ ఈ నీరు ఎముకను ఏమి చేస్తుంది? ఈ మెట్ట ప్రాంతపు రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. సున్నపు పాలు తక్కువై, క్షారగుణం ఎక్కువైన భూగర్భజలం రాతితో ఎంతకాలం కలసి ఉంటే అంత ఎక్కువగా దానిని కరిగించుకుంటుంది. ఎండలో పని చేసే కూలీ నీడపట్టున ఉండేవాని కంటే ఎక్కువ నీరు త్రాగుతాడు, కనుక విషమూ ఎక్కువగానే తీసుకుంటాడు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అది మించిన నీటిని చిన్నతనం నుండి త్రాగితే ముందు పండ్లపై గార పట్టినట్లు మచ్చలు పడతాయి. పరిమాణం ఇంకా ఎక్కువై, ఏండ్ల తరబడి సాగితే ఎముక చిక్కబడుతుంది, కీళ్లను కలిపే స్నాయువులు గట్టిపడతాయి, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

రోగికి తెలిసేది మాత్రం నొప్పి ఒక్కటే. తెల్లవారి మంచం మీద నుండి లేవాలంటే ముందు పక్కకు దొర్లాలి, తరువాత చేతులు ఊని లేవాలి. వెనుక నుండి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక శరీరమంతా తిప్పాలి. బిందె ఎత్తలేని స్త్రీని, గొడ్డలి పట్టలేని పురుషుని ఇంటివారే తొలినాళ్లలో సోమరులని అంటారు. గాయం లేదు, వాపు లేదు, జ్వరం లేదు, కనిపించని నొప్పిని నమ్మేవారు తక్కువ. తొలిదశలో ఇది సాధారణ కీళ్లవాతంలాగే ఉంటుంది కనుక వైద్యులు సైతం పొరబడతారు.

నొప్పి బిళ్లలు కొన్ని గంటల ఊరటనిస్తాయి. కూలి పోకూడదని రోజూ మ్రింగేవారికి కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని కలిగే ప్రమాదం ఉన్నది. శరీరం నుండి ఫ్లోరైడ్‌ను బయటకు పంపేవి ఆ మూత్రపిండాలే. అవి దెబ్బతింటే విషం మరింతగా ఎముకలో నిలుస్తుంది. ఈ విధంగా నొప్పికి వాడిన మందే నొప్పిని పెంచే దారి కాగలదు.

ఇబ్నె సీనా తన అల్‌ఖానూన్‌లో నొప్పిని పదిహేను రకాలుగా విభజించాడు. బరువైన నొప్పి, నొక్కే నొప్పి, తొలిచే నొప్పి, మొద్దుబారిన నొప్పి, అలసట నొప్పి ఆ జాబితాలో ఉన్నాయి. మెట్ట ప్రాంతపు రోగి తన బాధను చెప్పుకునే మాటలు వీటికి దూరమైనవి కావు. మత్తుమందులు స్పర్శను మొద్దుబార్చి బాధను తగ్గిస్తాయని, బాధకు కారణమైన దానిని తొలగించడమే నికరమైన ఉపశమనమని ఆ హకీము వివరించాడు. వెయ్యేండ్ల నాటి ఈ సూత్రం ఫ్లోరోసిస్‌కు అక్షరాలా వర్తిస్తుంది. బిగిసిన ఎముకను వెనుకటి స్థితికి తేగల చికిత్స లేదు. నీటిని మార్చడం ఒక్కటే మార్గం.

1937లో కారణం తెలిసినా ఈ పని పూర్తిగా జరగలేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత, కుడికాలువ చేరిన దర్శి వైపు గ్రామాలకు ఒక దారి దొరికింది. కాలువ అందని కనిగిరి వైపు మెట్ట గ్రామాలకు భూగర్భజలమే దిక్కయింది. కరవు సంవత్సరాలలో బావులు ఎండి బోర్లు లోతుకు పోయాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల దశకంలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని రూపొందించి దానికి నల్లగొండ పేరు పెట్టింది. విధానం మంచిదే. కాని ప్రతి ఇంటా ప్రతి దినమూ కొలత తప్పక చేయవలసిన పని అది. నల్లమలను తొలిచి కృష్ణా జలాలను ఈ మెట్టకు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. పనులు దశాబ్దాల తరబడి సాగాయి. ఈలోగా పిల్లలు అదే నీరు త్రాగి పెద్దవారయ్యారు.

ఇటువంటి రోగికి సహనం బోధించడం సులభం. అయితే ఇస్లామీయ చరిత్ర సహనాన్ని ఎలా అర్థం చేసుకున్నదో చూడాలి. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మూలవ్యాధితో బాధపడుతూ నమాజు గురించి అడిగినప్పుడు, దైవప్రవక్త (స) నిలబడి చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కపై పడుకుని చేయమని సెలవిచ్చారు. ఆయన దాదాపు ముప్పై ఏండ్లు ఉదరవ్యాధితో జీవించారని చరిత్రకారులు వ్రాశారు. హిజ్రీ 52లో బస్రాలో మరణించే వరకు ఆయన ప్రజలు మతవిద్య కోసం ఆశ్రయించిన వ్యక్తిగానే ఉన్నారు. ఇక్కడ రోగి నొప్పి నిజమేనా అన్న ప్రశ్న రాలేదు. శరీరాన్ని ఆరాధనకు సరిపడేలా వంచమని కోరలేదు. ఆరాధననే శరీరశక్తికి తగినట్లు సడలించారు. రుకూకు వంగలేక మసీదులో వెనుక కుర్చీపై కూర్చున్న మెట్ట ప్రాంతపు నమాజీ బలహీన విశ్వాసి కాడు. అతడు ఆ అనుమతిపైనే కూర్చున్నాడు.

రోగికి సహనం పుణ్యమే. కాని ఆ మాటను ఆరోగ్యవంతులు తమ బాధ్యత నుండి తప్పుకునేందుకు వాడరాదు. తప్పించగల బాధను తప్పించకుండా, దానిని ఓర్చుకొమ్మని బాధితునికే చెప్పడం ధర్మం కాదు. హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్నది ఫిఖ్‌హ్ మూలసూత్రాలలో ఒకటి.

మరొక విషయం ముస్లిం పాఠకులకు ప్రత్యేకంగా చెప్పదగినది. మరణించిన తల్లి పేరిట చేయగల దానాలలో ఏది ఉత్తమమని హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) అడిగితే, నీరు అని దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. ఆయన బావి త్రవ్వించారు. ఆ సంప్రదాయాన్ని అనుసరించి తల్లిదండ్రుల ఈసాలె సవాబ్ కోసం బోరు వేయించేవారు నేడూ ఉన్నారు. ఫ్లోరైడ్ ప్రాంతంలో పరీక్ష లేకుండా వేసిన బోరు తరతరాల నొప్పికి మూలం కాగలదు. ఆ నీరు తేటగా ఉంటుంది, రుచిలో తేడా తెలియకపోవచ్చు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. కనుక దాత ముందుగా ఒక సీసాలో నీటిని పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపాలి. ఫ్లోరైడ్ హద్దు మించితే ఆ పంపును త్రాగునీటికి వాడనీయక, అదే సొమ్మును వాననీటి తొట్టికో, శుద్ధిచేసిన నీటి సరఫరాకో మళ్లించాలి. దానం పేరిట వేసిన పంపు దగ్గరకు బిందెతో వచ్చే పిల్ల నలభై ఏండ్ల తరువాత కూడా నిటారుగా నడవాలంటే అంతపాటి జాగ్రత్త అవసరం.