గాజుపలక పొయ్యికి పాత్రల ఎంపిక

గాజుపలక పొయ్యి అనగా పైభాగాన నునుపైన గ్లాస్ సిరామిక్ పలక గల విద్యుత్ పొయ్యి. గ్లాస్ సిరామిక్‌ను 1953లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో డొనాల్డ్ స్టూకీ కనుగొన్నాడు. పొయ్యిలకు వాడే రకం వేడికి దాదాపుగా వ్యాకోచించదు. కాని బరువైన పాత్ర పడితే పగలవచ్చు.

రకాలు

రేడియంట్ పొయ్యిలో పలక క్రింది తీగచుట్ట ఎర్రగా కాగి, పలక ద్వారా పాత్రను వేడిచేస్తుంది. చదునైన అడుగు గల లోహపాత్రలు దీనికి సరిపోతాయి. ఇండక్షన్ పొయ్యిలో అయస్కాంత క్షేత్రం వలన పాత్ర అడుగులోనే వేడి పుడుతుంది. కనుక అడుగు అయస్కాంతానికి అంటుకోవాలి. ఇనుము పనికివస్తుంది; ఇత్తడి, రాగి, మామూలు అల్యూమినియం పనికిరావు. స్టీలు పాత్రలలో కొన్ని మాత్రమే అంటుకుంటాయి.

ఎంపిక

నిజామాబాదు ప్రాంతపు వంటిళ్ళలోని గుండ్రని అడుగు మూకుడు, ఒంపు గల జొన్నరొట్టెల పెనం గ్యాసు పొయ్యిపై చక్కగా కుదురుతాయి. గాజుపలకకు అవి కొద్దిచోటనే ఆనుతాయి, కుదురుగా నిలవవు. కొనేముందు పాత్రను బోర్లించి అడుగున స్కేలు ఆనించాలి, సందు కనిపించరాదు. అడుగు వెడల్పు పలకపై గీసిన వలయానికి దగ్గరగా ఉండాలి.

జాగ్రత్తలు

1937లో నెలకొల్పబడి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం వలన బోధన్ చెరకుకు ప్రసిద్ధి. ఇటువంటి చోట పండుగలకు అరిసెల పాకం పట్టడం పరిపాటి. వేడి పలకపై ఒలికిన పాకం చల్లారితే గాజుకు అతుక్కొని, తీసేటప్పుడు పెచ్చులూడి శాశ్వతంగా గుంటలు పడవచ్చు. కనుక పాకానికి లోతైన గిన్నె వాడాలి. ఒలికినచో వెంటనే పొయ్యి ఆపి, చేయి కాలకుండా, వేడిగా ఉండగానే గీకి తీయాలి. గరుకైన ఇనుప పాత్రలను జరపక, ఎత్తి పెట్టాలి.