వయోజన విద్య

బాల్యము గడచి, కుటుంబభారమును వృత్తిభారమును తలకెత్తుకొనిన స్త్రీపురుషులు తమ యవసరములకై చేయు అభ్యాసమునకును, వారికి బోధించు పద్ధతులకును వయోజన విద్య యని పేరు. ఈ మాట పెక్కుకాలము అక్షరాస్యతకు పర్యాయపదముగా చెల్లినను, చేవ్రాలు నేర్చుట మొదలుకొని సేద్యమున నొక క్రొత్త పద్ధతిని పరీక్షించి గ్రహించుట వఱకు సమస్తమును దీనియం దంతర్భవించును. ఈ విద్యాచరిత్రను పరిశీలించినచో, నేర్చినవారికంటె నేర్పినవారే యెక్కువ పాఠములు నేర్వవలసివచ్చెనని తోచును. పెద్దవాడు ఎత్తు పెరిగిన బాలుడు కాడను సంగతి ఉపాధ్యాయులకు తెలియుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

"మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెతను మనవారు పెద్దల చదువునకు అడ్డుగా వాడుచునే, పెద్దలకు బోధించు సాధనములను మాత్రము పుష్కలముగా నిలుపుకొనియుండిరి. పురాణ కాలక్షేపము, హరికథ, తోలుబొమ్మలాట, బుఱ్ఱకథ మున్నగువానివలన, అక్షరమెఱుగని కాపు సయితము భారతకథను ధర్మసూక్ష్మములతో గూడ చర్చింపగలవాడై యుండెను. ఈ సభలలో హాజరుపట్టీ లేదు, బెత్తము లేదు. వినువాడు పనులు ముగించుకొని తనంత తాను వచ్చి కూర్చుండును, నచ్చనినాడు తుండుగుడ్డ దులుపుకొని లేచిపోవును. పెద్దల బడికిని పిల్లల బడికిని గల ముఖ్యభేదము ఈ లేచిపోవు స్వేచ్ఛయందే కలదు.

ఆధునిక కాలమున పెద్దలకై ప్రత్యేకముగా వెలసిన పాఠశాలలలో 1798 నాటి ఇంగ్లండునందలి నాటింగ్‌హాము పాఠశాల తొలివానిలో నొకటి. లేసు, మేజోళ్ల కర్మాగారములలో పనిచేయు యువతులచేత బైబిలు చదివించుట దాని ముఖ్యోద్దేశము. 1823 లో జార్జి బర్క్‌బెక్ ప్రభృతులు లండనున స్థాపించిన మెకానిక్సు ఇన్‌స్టిట్యూటు చేతిపనివారికి శాస్త్రోపన్యాసములు వినిపించెను. రెండును సదుద్దేశముతో పుట్టినవే. కాని చెప్పువాడు వేదికపైనను వినువాడు బల్లపైనను ఉండు ఏర్పాటు రెండింటను ఉండెను.

ఆ యేర్పాటును కదలించినవాడు డెన్మార్కు దేశపు మతాచార్యుడును కవియు నగు గ్రుంట్‌విగ్ (1783–1872). లాటిను వ్యాకరణమును వల్లె వేయించు బడులు నిర్జీవములని యీసడించి, పల్లెటూరి యువజనులు దేశచరిత్రను, పాటలను, వ్యవహారజ్ఞానమును మాతృభాషలో సంభాషణరూపమున నేర్చు జానపద ఉన్నత పాఠశాలల నాతడు ప్రతిపాదింపగా, వానిలో మొదటిది 1844 లో రోడింగ్ గ్రామమున తెఱువబడెను. 1851 లో చెప్పులు కుట్టువాని కుమారుడగు క్రిస్టెన్ కోల్డ్ రిస్లింగెలో మఱియొక బడి పెట్టి, విద్యార్థులతో నొకే యింట వసించి, ఒకే పంక్తిని భుజించుచు బోధించెను. సేద్యపుపనులు సన్నగిల్లు శీతకాలమే బడికాలము; పరీక్షలు లేవు, పట్టములు లేవు. 1882 మొదలుకొని ఆ దేశమున సహకార పాలకేంద్రములు ప్రబలుటకు, ఈ బడులలో నలుగురితో కూర్చుండి మాటలాడుట కలవాటుపడిన రైతులుండుట యొక కారణమని చెప్పుదురు.

శాస్త్రజ్ఞుల దృష్టి ఇటు మరలుటకు మఱికొంతకాలము పట్టెను. న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డు థారన్‌డైక్ అను మనస్తత్త్వవేత్త, పెద్దలచేత ఎస్పరాంటో భాషను నేర్పించియు, అలవాటులేని చేతితో వ్రాయించియు పరీక్షలు జరిపి, 1928 లో తన నిర్ణయములను ప్రకటించెను. నేర్చుశక్తి యౌవనాంతమున ఉచ్చస్థితి నంది, పిమ్మట 45 ఏండ్ల ప్రాయము వఱకు ఏటికి సుమారు నూటికొక్క పాలు చొప్పున మాత్రమే తగ్గుననియు, ఆ ప్రాయము లోపల ఎవ్వరును "నాకు వయసు మీఱినది" అని చదువునకు వెనుదీయ బనిలేదనియు ఆతడు తేల్చెను. ఆ స్వల్పక్షయము సయితము చాలవఱకు వేగమునకు సంబంధించినదే కాని శక్తికి సంబంధించినది కాదనియు, గడియారమును ప్రక్కన బెట్టి పరీక్షించినచో పెద్దలు వెనుకబడరనియు ఆతని సహచరుడు ఇర్వింగ్ లోర్జి తరువాత నిరూపించెను. సామెత చెట్లకు చెల్లునేమో!

పెద్దల బోధనకు 'ఆండ్రగాజీ' యను గ్రీకుమూలపు పేరును 1833 లో అలెగ్జాండరు కాప్ అను జర్మను ఉపాధ్యాయుడు పెట్టెను. హెర్బార్టు వంటి పండితుడు దానిని నిరాకరించుటచే అది మఱుగుపడెను. అమెరికాలో ఎడ్వర్డు లిండెమన్ 1926 లో, పాఠ్యవిషయమునుండి కాక, నేర్చువాని జీవితమున తలయెత్తు చిక్కులనుండియే పెద్దల చదువు బయలుదేరవలెనని వాదించెను. ఒక యుగోస్లావ్ విద్యావేత్తవలన పాతపేరును విన్న మాల్కం నోల్స్ 1968 నుండి దానిని అమెరికాలో ప్రచారము గావించెను. పెద్దవాడు ఏల నేర్వవలెనో తెలిసికొననిదే నేర్వడు. తన్ను తాను నడపుకొనగలవాడుగా నెంచబడ గోరును. అతని యనుభవమే అతనికి పుస్తకము. నేర్చినది నేడే పనికిరావలెనని చూచును — నోల్స్ సూత్రముల సారము స్థూలముగా నిది. పిల్లల బోధనకును పెద్దల బోధనకును వైరమున్నట్లు 1970 లో తన గ్రంథమునకు పేరు పెట్టిన యాతడే, 1980 నాటి కూర్పున ఆ పేరు మార్చి, ఒకదానినుండి మఱియొకదానికి దారి కలదని యొప్పుకొనెను. ఈ సవరణ ఆతని సూత్రములకంటె విలువైనదని ఈ వ్యాసకర్త యభిప్రాయము.

బ్రెజిలు దేశపు పాలో ఫ్రెయిరీ ఈ విషయమును మఱింత లోతునకు గొనిపోయెను. చదువురానివారికి ఓటుహక్కు లేని ఆ దేశమున, 1963 లో ఆంజికోస్ అను చిన్నపట్టణమున సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటల బోధనతో అక్షరములు నేర్పు ప్రయత్నమును ఆతడు నడపెను. ముందుగా ఆ యూరి మాటలను సేకరించి, వారి కష్టసుఖములతో పెనవేసికొనిన కొలదిపదముల నేర్చి, బొమ్మ చూపి, చర్చ జరిపించి, అటుపిమ్మటనే పదమును అక్షరములుగా విడదీయుట ఆతని మార్గము. తెలుగున దీనినిట్లు ఊహింపవచ్చును: కూలికై ఊరు విడిచిన వానితో ఓనమాలు దిద్దించుటకు బదులు 'వలస' యను మాటను గైకొని, ఎవరు పోవుదురు, ఏల పోవుదురు, మేస్త్రీ యిచ్చిన అడ్వాన్సు ఎన్నడు తీరునని మాటలాడించి, ఆ మూడక్షరములకే గుణింతము నేర్పినచో, విలువ, సెలవు, వసూలు అను మాటలు వాని పలకమీద వానంతట నవియే పుట్టును. 1964 లో సైన్యము అధికారమును చేజిక్కించుకొనగానే ఫ్రెయిరీ కారాగారమునకును, తదుపరి ప్రవాసమునకును పోవలసివచ్చెను.

తెలుగుదేశమున ఈ కార్యము గ్రంథాలయముల వెంట నడచినది. 1914 లో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికచే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. 1935 లో పాతూరి నాగభూషణము పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువమీద పడవ గ్రంథాలయమును నడపెను. చదువువాడు పుస్తకము కడకు రాకున్న, పుస్తకమే వాని రేవునకు పోవలెనను ఈ యూహ, 1982 లో హైదరాబాదున దేశమునకెల్ల మొదటిదిగా సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలయుటతో మఱియొక రూపము దాల్చెను.

స్వాతంత్ర్యానంతరము 1951 జనగణనమున దేశాక్షరాస్యత నూటికి 18 మాత్రమే. 1978 అక్టోబరు 2 న జాతీయ వయోజన విద్యాకార్యక్రమమును, 1988 లో జాతీయ అక్షరాస్యతా సమితియు ప్రారంభమయ్యెను. ఈ సమితి ప్రేరణచే నెల్లూరు జిల్లాలో సాగిన ఉద్యమమున పాఠముగా చేర్చిన 'సీతమ్మ కథ' త్రాగుబోతు భర్తవలన ఒక స్త్రీ పడిన బాధను తెలుపును. రాత్రి బడిలో దీనిని చదివిన దూబగుంట స్త్రీలు, పాఠమును పుటలలోనే విడువక, తమ యూరి సారా దుకాణము కడకు నడచిరి. 1992 నాటికి సారా వేలముపాటల నడ్డగించుట రాష్ట్రమంతటను వ్యాపింపగా, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడెను. వాచకము వ్రాసినవారు ఇంతటి ఫలితము నాశించియుందురా యన్నది సందేహమే. నేర్చినది నేడే పనికిరావలెనని పెద్దలు చూతురనుటకు ఇంతకు మించిన నిదర్శనము మాత్రము అరుదు.

అక్షరముతో పనిలేని వయోజన విద్యకు పొలంబడి మంచి యుదాహరణము. పురుగుమందుల మితిమీఱిన వాడుకచే సుడిదోమ ప్రబలిన ఇండొనేషియాలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1989 లో మొదలైన ఈ పద్ధతి మన యాంధ్రమునకును వచ్చెను. రైతులు వారమున కొకనాడు ఉదయముననే వరిమడిలో దిగి, కుదుళ్లను పరీక్షించి, కనబడిన పురుగులను లెక్కింతురు. గట్టుమీదికి వచ్చి పెద్ద కాగితముపై నడుమ వరిమొక్కను, ఒకప్రక్క సాలీడు, తూనీగ, అక్షింతల పురుగు మున్నగు మిత్రపురుగులను, వేఱొకప్రక్క సుడిదోమ, ఆకుముడత, కాండము తొలుచు పురుగులను చిత్రింతురు. మందు కొట్టవలెనా వలదా యనునది వారే తర్కించి నిర్ణయింతురు, బోధకుడు ఉత్తరము చెప్పక, "ఈ పురుగు ఏమి తినుచున్నది?" అని ప్రశ్నించి యూరకుండవలెను. ఈ యూరకుండుట నేర్చుటయే బోధకునకు అన్నిటికంటె కష్టమైన పాఠము.

రాత్రి బడులకై అచ్చైన వాచకములు కొలదిపుటల పలుచని పుస్తకము లగుటచే సులభముగా నశించును. పెట్టెలలోను అటకలమీదను అట్టివి కలవారు వానిని సమీప గ్రంథాలయమునకు చేర్తురుగాక యని ప్రార్థన.